ఇరవై ఎనిమిదో నంబరు, చివరి స్టాపు

లిస్బన్‌కీ ఏడు కొండలంటారు.
క్యూ కూడా అలాగే ఉంది.
మార్తిం మొనీజ్ కూడలిలో గంటన్నర నిలబడితే
పసుపుపచ్చ ట్రాములో కిటికీ పక్క సీటు దక్కింది.
దక్కిందంటే,
ఒక జర్మనీ దంపతుల్ని మోచేత్తో
కాస్త పక్కకి జరిపాక.

ఇరవైనాలుగు గంటల టికెట్టు.
పొద్దున పదకొండూ పదికి మొదలైంది.
జేబులో కాగితం, కాగితం మీద తొమ్మిది చోట్లు,
రెండిటికే టిక్కు.

సందులు ఎంత ఇరుకంటే
చెయ్యి చాపితే ఎవరింటి గోడకున్న
నీలం పెంకులో వేలికి తగులుతాయి.
ఆరేసిన దుప్పటి ఒకటి నా ముఖం తుడిచి పోయింది.
ట్రాములో అందరం అరిచాం, సరదాగా.
దుప్పటి వాళ్ళు అరవలేదు.

గ్రాసా దగ్గర ఆమె ఎక్కింది.
డెబ్భై ఐదు దాటి ఉంటాయి.
గోధుమరంగు కోటు,
నలగకుండా పొట్టకి ఆనించుకున్న గుడ్డసంచి.
"బోం దియా, డోన ఎర్మెలిందా"
అన్నాడు డ్రైవరు జసింతు, తల తిప్పకుండానే.
ఆమె నా సీటు చువ్వ పట్టుకుని నిలబడింది.

లేవాలి.
లేచేవాణ్ణే.
కానీ గంటన్నర.
కానీ ఇప్పుడో ఇంకాసేపట్లోనో కెథెడ్రల్.
నలభై నిమిషాలు
కెథెడ్రల్ చూశాను, నది ముక్కలు చూశాను,
ఒక పార్లమెంటు చూశాను.
అన్నిటి మీదా, అద్దంలో,
ఆమె చెయ్యి.

బోర్డు మీద 'ప్రజేరిష్' అని ఉంది.
ఆనందాలు అని అర్థమట.
ఆనందాల దాకా టికెట్టు ఉన్నప్పుడు
మధ్యలో దిగడమెందుకనుకున్నాను.
చివర జసింతు అందర్నీ దింపేశాడు.
ఎదురుగా
శ్మశానం.

లోపల వీధులు. వీధులకి నంబర్లు.
వరసగా రాతి ఇళ్ళు, మనిషెత్తు తలుపులు,
తలుపులకి అద్దాలు, అద్దాల వెనక లేసు తెరలు,
తెరల వెనక, అరల్లో,
పెట్టెలు.
ఒక ఇంటి ముందు ఆమె సంచి విప్పింది.
ఉతికి ఇస్త్రీ చేసిన తెర.

వెనక నన్ను చూసింది. ఆశ్చర్యపోలేదు.
మూలకి చూపించి "బాల్ద్" అంది.
బాల్చీ!
కుళాయి వెతికి నీళ్ళు తెచ్చాను.
"తువాల్య" అంది. తువ్వాలు అందించాను.
"షావ్" అంది.
దీనికి కొంచెం టైం పట్టింది.
తాళంచెవి.
ఎప్పుడో ఓడలెక్కి మా తీరానికొచ్చిన మాటలు
ఇక్కడ ఇంకా
ఇంటిపనే చేసుకుంటున్నాయి.

అద్దం పై సగం నేను తుడిచాను, కింది సగం ఆమె.
కొత్త తెర కట్టాక
రెండో అరలోని పెట్టెని మాత్రం
గుడ్డతో కాదు, ఉత్త చేత్తో తుడిచింది.
ఎవరని అడగడానికి
నా దగ్గరున్న మూడు మాటలూ చాల్లేదు.

అప్పటికి ఇంకో చుట్టు తిరిగొచ్చిన జసింతు
సిగరెట్టు ఆర్పి వచ్చీరాని ఇంగ్లీషులో చెప్పాడు.
ఆ ఇంట్లో యాభై ఏళ్ళు పనిచేసిందట.
మనుషులు పోయారు గానీ పని పోలేదు.
బ్రెజిల్ నుంచి మనవడెవరో నెలనెలా పంపుతాడు.
"మరి వాళ్ళ ఇల్లు?"
"అద్దె గదులు. మీలాంటి వాళ్ళకి" అన్నాడు,
ఏ కోపమూ లేకుండా.

తిరుగు ట్రాము ఖాళీ.
ఆమె కిటికీ పక్కన కూర్చుని
నేను ఏ సీటో తేల్చుకునేలోపే నిద్రపోయింది.
ఎస్త్రేలాలో గుంపు ఎక్కింది.
ఎవరో గోపురం కోసం ఫోను చాపాడు.
ఆమె తల అడ్డం.
"కాస్త..." అంటూ నావైపు చూశాడు.
నేను వినపడనట్టు
తొమ్మిది చోట్ల కాగితం చూసుకుంటున్నాను,
అక్షరాలు నీళ్ళకి అలికిపోయాయి.
తీశాడు చివరికి.
ఆ ఫోటోలో
పావు గోపురం, తెల్లజుట్టు,
అంచున తడిసిన నా చొక్కా చెయ్యి
పడే ఉంటాయి.