ఏడు ఆదివారాలు, ఒక సోలెక్సు

బర్కత్‌పురాల మా సందుల
గోడకు ఆనించి నిలబెట్టిన
అరవై ఆరు మోడల్ స్టాండర్డ్ హెరాల్డు.
బానెట్టు మొత్తం ముందుకు వాల్తది,
ముందు టైరు మీద కూసొని పని చేస్కోవచ్చు.
గది చూసే కొన్న,
మోకాళ్లు వంగని వయసుల.

సెల్ఫు కొడితే లేస్తది.
చోక్ గుంజితే గురగుర, నెట్టేస్తే నిమ్మళం.
కాచిగూడ దాటుతది, చాదర్‌ఘాట్ దాటుతది,
సరిగ్గ ఇరవై నిమిషాలకు
మలక్‌పేట రైలు వంతెన కింద
రెండు దగ్గులు దగ్గి
ఆగుతది.
ఎనక నుంచి ఆటోలోళ్లు
మా ఖాందాన్‌నంతా యాది చేస్తరు.
పది నిమిషాలు ఆగితే మల్ల లేస్తది,
ఏం కానట్టు.

మొదటి ఆదివారం
కార్బరేటర్ విప్పి స్టీలు తాంబాళంల పరిచిన.
మెయిన్ జెట్టు, పైలట్ జెట్టు, ఇత్తడి ఫ్లోటు.
జెట్టును ఎండకెత్తి ఒక కన్ను మూస్తే
అవతలి దాబా మీద ఆరేసిన చీర కనబడ్డది,
అంటే మూసుకపోలే.
అయినా ఊదిన.
వారం దాక నాలుక మీద పెట్రోలు,
చాయ్‌ల గూడ.

రెండో ఆదివారం ఫ్లోటు మట్టం.
మూడోది పుత్లీబౌలిల గాస్కెట్టు కోసం తిరుగుడు.
నాలుగోది యాదికి లేదు, వాన.
ఐదోదానికి బషారత్ ఉస్తాద్‌ను తోలుకొచ్చిన.
స్క్రూడ్రైవర్ పిడి చెవికి ఆనించి
మొన ఇంజన్ మీద పెట్టి
కండ్లు మూసుకొని శానాసేపు విన్నడు.
నాకు నా కొలువు యాదికొచ్చింది.
ముప్పై ఒక్క ఏండ్లు గౌలిగూడ ఎక్స్చేంజిల
హెడ్‌ఫోను పెట్టుకొని
గరగర ఏ గల్లీలదో కూసున్నకాడికెల్లి చెప్పెటోణ్ణి,
రాంకోఠి పెట్టెల తేమనా,
ఎవరింట్లనో ఎలుక కొరికిన వైరా అని.
"షాఫ్ట్ అరిగింది మియా,
పక్కకెల్లి చోర్ హవా" అన్నడు ఉస్తాద్.
ఆరో ఆదివారం లేత్ మీద బుష్ తిప్పించి బిగించినం.
పదకొండు వందలు.
మల్ల మలక్‌పేట వంతెన.
మల్ల రెండు దగ్గులు.

ఒక మాట ఒప్పుకోవాలె.
బండి ఆగినప్పుడల్ల
పంపు మీది గాజు గిన్నె సగం ఖాళీగుండుడు
నేను చూసిన.
చూసి, పంపు ముసలిదైందనుకున్న.
నా మీద నాకు అనుమానం రాలే.

ఏడో ఆదివారం, పెట్రోలు అయిపోయిందేమోనని
ఇద్దరు పిల్లగాండ్లను బతిమాలి
నల్గొండ చౌరస్తా బంకు దాక తోపించిన.
అక్కడ పంపు కాడి పిల్ల,
జేబు మీద స్వరూప అని రాసున్నది,
టాంకి మూత తిప్పింది.
స్స్‌స్...
"సార్, నీళ్లల్ల మునిగి లేసినోడి లెక్క
గాలి గుంజుకున్నది మీ బండి.
మూతకు సందు లేదా?"

సందు ఉండె.
గుండుసూది మొనంత.
నేనే, నా చేతులతోని,
తుప్పు పట్టిన మూతను
బిడ్డకు గాజులు చేపిచ్చినంత ఇష్టంగ
గోషామహల్‌కు తీస్కపోయి
రెండు కోట్లు క్రోమ్ పోయించిన.
అండ్ల మొఖం చూసుకోవచ్చు.
ఆ మెరుపే దాని ముక్కు మూసింది.
లోపట పెట్రోలు తగ్గినకొద్ది
ఆ జాగలకు రానీకి గాలి లేక
టాంకికి, పంపుకు గుంజులాట.
ఇరవై నిమిషాలు ఓర్సుకునేది పాపం.
నేను గొంతు కోసి చూసుకుంట కూసున్న.

స్వరూప జడపిన్ను తీసిచ్చింది. వంగింది.
ఎనక లైన్ల హారన్లు.
ఆ పూటకు మూత వదులుగ పెట్టుకొని ఇంటికొచ్చి
తెల్లారి సన్న డ్రిల్లుతోని
నా మెరుపుకు నేనే బొక్క పెట్టుకున్న.

మూడు దినాలు బషారత్‌కు చెప్పలే.
చెప్పినంక నవ్విండు, పాన్ ఉమ్మేసి మల్ల నవ్విండు,
నా జేబుల మూడు వందలు కుక్కిండు.
తీస్కున్నందుకు ఇప్పటికీ సిగ్గే,
షాఫ్టు నిజంగనే అరిగి ఉండె.

నిన్న దిల్‌సుఖ్‌నగర్ దాటి
ఎల్బీనగర్ దాక పోయొచ్చిన.
ఆగలే.
పొగ మాత్రం కొంచెం నల్లగున్నది.
పైలట్ స్క్రూ పావు మలుపు తిప్పి చూడాలె,
వచ్చే ఆదివారం.