ఙ పేజీ

పెళ్ళిళ్ళు లేని ఆషాఢంలో వచ్చింది సోలాంజ్ ఙ్గేరె,
వస్త్రలత వెనక సందులోకి,
ఈకలూడిన గౌను ప్లాస్టిక్ సంచిలో కుక్కుకుని.
టీకొట్టు దగ్గర కుర్రాళ్ళు ఫోన్లెత్తారు.
అలవాటుగా ఒకసారి నవ్వి,
అలవాటుగానే నవ్వు ఆపేసి,
నా గడప కింద చెప్పులు విడిచింది.

"నడుము రాయకు" అంది, పుణెలో నేర్చిన హిందీలో.
నేను టేపు చుట్టాను. రాశాను.
ముప్ఫై ఎనిమిది.
"నా మొదటి క్యాసెట్టు అట్ట మీద ఇరవై ఆరు.
అదీ రాసుకో."

నోట్లో గుండుసూదులుంటే నేను మాట్లాడను.
అందుకేనేమో అన్నీ నాకే చెప్పింది.

బాంగీ ఊళ్ళో చర్చి పాటల గుంపు, మూడో వరస.
తొమ్మిదేళ్ళు. తెల్లగౌను అక్కది, అంచు నేలని ఊడ్చేది.
ఫాదరు కళ్ళు మూసినప్పుడల్లా
ఆ గౌను లోపల ఎవరికీ కనబడకుండా
మోకాళ్ళు వాటి పని అవి చేసుకునేవట.
పదిహేడుకి, కిలోమీటర్ ఐదు అనే పేటలో,
మగవాళ్ళ బ్యాండు వెనక ఆడే ముగ్గురిలో మధ్యపిల్ల.
ఒక రాత్రి పాడేవాడు తాగి పడిపోయాడు.
మైకు తన దగ్గరికొచ్చిందో
తనే మైకు దగ్గరికెళ్ళిందో గుర్తులేదంది.
ఆ పైన పదేళ్ళు
రేడియోలో ఆమె గొంతు మొదలైతేనే
ఆ ఊళ్ళో కుంపట్లు రాజుకునేవి.

తర్వాత యుద్ధం.
దాని గురించి ఒక్కటే చెప్పింది.
దోనె మీద ఉబాంగి నది దాటుతూ,
బరువెక్కువై, ఏం పారేద్దామా అని అందరూ తడుముకుంటుంటే
తన దుస్తుల పెట్టె తనే తోసేసింది.
"మూత ఊడింది. గౌన్లన్నీ తేలాయి.
కొంతదూరం మా పక్కనే వచ్చాయి,
నేను లేకుండా ఆడుకుంటూ."

ఇప్పుడు బందరు రోడ్డు కల్యాణ మంటపాల్లో
ఈకల కిరీటంతో గుమ్మం దగ్గర నిలబడి
వచ్చేవాళ్ళ మీద పన్నీరు చల్లుతుంది.
పాడతానంటే ఈవెంట్ల అబ్బాయి అన్నాడట,
"సిస్టర్, నవ్వండి చాలు."
వాడిలాగే తల ఊపి చూపించింది.
నాకు నవ్వొచ్చి, పెదవికి సూది గుచ్చుకుంది.

ఒకరోజు నా మిషను చప్పుడు వింటూ వింటూ
"నీ ఎడమకాలు ఆలస్యం" అంది.
ముప్ఫై ఏళ్ళుగా తొక్కుతున్నాను, ఎవరూ అనలేదు.
వాచిన మోకాలు మడవలేక మడిచి కింద కూచుని
నా పాదం పట్టుకుని తొక్కించింది.
ఆ చప్పుడు కుదురుకోగానే పాట ఎత్తుకుంది.
సందులో ఎవరూ ఆగలేదు.
ఆటో ఒకటి హారను కొడుతూనే ఉంది.
నేనొక జాకెట్టు చేతిని తిరగేసి కుట్టేశాను.

"మాటిమాటికీ వస్తోంది, ఏంటా మాట?"
"ఙ్గు. అంటే నీళ్ళు.
వానకీ అదే. సంవత్సరానికీ అదే.
నీకెన్ని నీళ్ళు, నాగుల్‌బీ?"
"యాభై రెండు. నీకు?"
"నలభై మూడు. ఒకటి మాత్రం
ఇంకా దాటుతూనే ఉన్నాను."

మునిసిపల్ స్కూల్లో క ఖ గ ఘ తర్వాత
ఒక ఖాళీ గడి ఉండేది, బొమ్మ లేకుండా.
దానితో ఏ మాటా మొదలవ్వదన్నారు టీచరమ్మ.
అయినా పలక నిండా దిద్దించారు.
నా కొలతల పుస్తకం అక్షరాల వరస.
ఆ పేజీలో ఇన్నాళ్ళూ పాల లెక్క రాసుకున్నాను.
అది కొట్టేసి, ఇంటిపేరు ముందు పెట్టి,
ఆమె పేరు రాశాను.

శ్రావణంలో గౌను పట్టుకెళ్ళింది.
నలభై రూపాయలు బాకీ. ఫోను కలవదు.
గోవా అన్నారొకరు. ఇంకొకరు, అసలెవరామె అన్నారు.

మొన్న బ్యారేజీ గేట్లన్నీ ఎత్తారు.
ఫాల్సు కుట్టించుకోడానికొచ్చినావిడ
"ఈ ఏడు నీళ్ళెక్కువ" అంది.
ఆమె భాషలోనైతే ఆ రెంటికీ
ఒకే మాట రెండుసార్లు అనాలి.
నేను పైకి అనలేదు, నోట్లో సూదులున్నాయి.

ఙ పేజీలో నడుము దగ్గర రెండంకెలు,
38, దాని పక్కన 26.
దేన్నీ కొట్టెయ్యలేదు.
నా ఎడమకాలు ఇప్పుడు వేళకే పడుతోంది.