తాపని నీళ్ళు

ఊడిస్తే పోయే దుమ్ము కాదిది.
పొద్దునొకసారి, సందేళ ఒకసారి
చీపురు కిందనే మళ్ళీ పుడతాది.
కార్బురేటర్ విప్పి గుడ్డమీద పరిచి
టీ తాగొచ్చేలోపల
జెట్టు మీద బూడిదరంగు పొర.
మురకంబట్టు రోడ్డు దుమ్ము ఎర్రగా ఉంటాది.
ఇది తెల్లది.
బయటినించి రాలేదు.
నేలే రాలతా ఉండాది.

బేల్దారి పళనయ్య వచ్చి
మోకాళ్ళమీద కూర్చోని
మూడంగుళాల మేకుతో గీకినాడు.
గీత పడింది, పిండి లేచింది.
చెంబుతో నీళ్ళు చల్లినాడు.
కొన్నిచోట్ల గటగటా తాగేసింది,
ఆయిలు మరకలున్న చోట మాత్రం
చేమాకు మీద మాదిరి గుండ్లు గుండ్లుగా నిలబడినాయి.
"ఎవురు పోసినారబ్బా ఈ నేల?"
"ఎవురో," అన్నా.

నేనే.

పదమూడేండ్ల కిందట, జాతరకు వారం ముందర.
షెడ్డుకు అడ్వాన్సు కట్టినంక మిగిలిన దుడ్లతో
ఎనిమిది మూటలు రావాల్సిన చోట ఐదు తెచ్చి
తాపీ తేలిగ్గా జారాలని
బక్కెట్లు బక్కెట్లు నీళ్ళు కలిపినా.
కలిపేటప్పుడు జాస్తి, పోసినంక కరువు.
వారం దినాలు గోనెపట్టలు కప్పి తడపాలంట,
రెండోనాటి రాత్రే పీకి పారేసినా.
మూడోనాడు వాకిట్లో పాలవ్యాను,
గేరుబాక్సు పట్టుకోనుండాది,
మొదటి బేరం,
వద్దనేదానికి నోరు రాలేదు.
ఆ టైరు అచ్చు ఇంకా ఉండాది తలుపుకాడ.

పుట్టినప్పుడు నీళ్ళు తాపని నేల
ఆమీట దొరికిందంతా తాగింది.
గేరాయిలు, బ్రేకాయిలు, డీజిలు,
నేను ఒలకబోసిన టీ,
ఫయాజు వేలు తెగిన పొద్దు నాలుగు చుక్కలు.
నా చెయ్యి తప్పిన ప్రతిసారీ
అడక్కుండానే దాచిపెట్టింది.

మూడు దినాలు అంగడి మూత.
మొదటి దినం సోడా నీళ్ళు, ఇనుప బ్రష్షు.
కాలవలోకి నల్లనురుగు పోతావుంటే
బెల్లంమండీ ఆయమ్మ ముంగిట్లోకొచ్చి తిట్టింది.
రెండో దినం మిషను తిప్పి పైపొర తీసి
పగుళ్ళను ఉలితో వెడల్పు చేసినాడు పళనయ్య.
"చిన్న పగులుకు పెద్ద నోరు చెయ్యాల,
లేకుంటే మందు లోపలికి దిగదు."
పెద్దదైన నోట్లోనించి
రెండు బేరింగు గుండ్లు, ఒక సర్‌క్లిప్పు రాలినాయి.

ఆ సర్‌క్లిప్పు నాకు తెలుసు.
యాడ పారేసినావురా అని
పన్నెండేండ్ల పిలగాని చెంపమీద
నా అయిదు వేళ్ళూ దింపింది దానికోసరమే.
ఫయాజుకిప్పుడు మీసాలొచ్చినాయి.
వంగి తీసుకున్నాడు.
ఊది, జోబులో ఏసుకున్నాడు.
ఏమీ అన్లేదు.

పగుళ్ళు పూడినాయి, ఆరినాయి.
మూడోనాడు క్యాను మూత విప్పితే
రంగు లేదు, వాసన లేదు.
"గాజునీళ్ళు," అన్నాడు పళనయ్య,
"పూసేది కాదు, తాపేది.
చాలంటే అదే చెప్తాది."
పరక చీపురుతో తోస్తావుంటే
సన్నంగా చిటచిటమనింది నేల,
బీటలిచ్చిన మడికి తడి పెట్టినప్పటి చప్పుడు.
అప్పుడన్నా, ఆయన వీపుతో:
"దీన్ని పోసింది నేనే."
పళనయ్య తిరిగి చూడలేదు.
"తెలుసబ్బా. మూలల్లో తాపీ గీతలన్నీ
ఎడమచేతి వాటం.
నువ్వు టీగ్లాసు పట్టేది చూసినా కదా."

సాయంత్రం పైన సీలరు ఒక పొర.
ఇంకో రెండు దినాలు ఎవురినీ అడుగు పెట్టనీలేదు.
ఈ తూరి ఒక పాలవ్యాను
రోడ్డుమీదే హారను కొట్టి కొట్టి ఎళ్ళిపోయింది.

సోమవారం మొదటి బండి కింద పండుకున్నా.
వీపుకు చల్లగా, నున్నగా, కొత్తగా.
డ్రెయిన్ బోల్టు వదులు చేస్తావుంటే
ఒక చుక్క జారి పడింది.
ఇంకలేదు.
ట్యూబులైటును నెత్తిన పెట్టుకోని
అట్లే నిలబడుకోనుండాది,
అందరికీ కనపడేటట్టు.

ఫయాజు గుడ్డపేలిక ఇచ్చినాడు,
నా ఎడమచేతికి.