ఏడో గడి

ఏడో గడి దగ్గర కలం ఆగింది.
"పరిశోధన ప్రభావం, అంకెల్లో" అని ఉంది.
జొంబాలో వాన మొదలైంది,
ఆఫీసు రేకుల మీద ఎవరో మొక్కజొన్న ఒలిచి పోస్తున్నట్టు.
డాక్టర్ ఎనిఫా చిలిండే ప్రమోషన్ కాగితాలు
సాయంత్రంలోగా పైకి పంపాలి.
నేను గుమాస్తాని.

మొదటి వ్యాసాన్ని ఉదహరించినవాళ్ళు మూడు వందల పన్నెండు.
రెండోదాన్ని, పదకొండు.
రాయడానికేముంది, రాసెయ్యొచ్చు.
కాని ఆ రెండు అంకెల మధ్య
నా మోటారు సైకిలు తిరిగిన మట్టిదారి ఉంది.

అప్పటికి నేను గుమాస్తాని కాను.
వెనక సీటు మీద ఆమె, ఆమె ఒళ్ళో ప్రశ్నల కట్ట,
యావో మాటని చిచేవాలోకి
చిచేవా మాటని యావోలోకి మోసే కూలీని నేను.
మాంగోచి దాటాక సరస్సు ఒడ్డున ఎండే ఉసిపా చేపల వాసన
ఆమెకి పడేది కాదు.
గొంతు కూడా కాస్త కరుకే.
"అవునా, కాదా, అంతే. కథలు వద్దని చెప్పు" అనేది.
చెప్పేవాణ్ణి. కథలు ఆగేవి.
ఆ ఏడు వ్యాసంలో ఒక మాట పడింది:
ఆడవాళ్ళు కాన్పుకి ఆసుపత్రికి రాకపోవడానికి కారణం అజ్ఞానం.
మూడు వందల పన్నెండు మంది ఆ మాటని
చేతులు మార్చుకుంటూ సముద్రాలు దాటించారు.

చిచేవాలో గర్భాన్ని పకాతి అంటారు.
పకాతి అంటే నడుమ.
ఇంటికీ గోతికీ నడుమ, అని మా అమ్మమ్మ అర్థం చెప్పేది.
అక్కడ నిలబడ్డ మనిషికి తెలియనిదేముంటుంది?
ఆ మాట డాక్టరుకీ వచ్చు.
వచ్చిన మాటని ఎవరు అనువదించుకుంటారు.

రెండోసారి వెళ్ళినప్పుడు టైరు పంక్చరు.
నేను గాలి కోసం పోయాను.
నాసిబెకో అనే ఆవిడ వాకిట్లో
డాక్టరు ఊరికే కూర్చుంది, చేతిలో కాగితం లేకుండా.
నలుగుర్ని ఇంట్లోనే కన్న మనిషి నాసిబెకో.
ఉన్నది ఇద్దరు.
నేను తిరిగొచ్చేసరికి
వచ్చీరాని చిచేవాలో ఏదో చెబుతూ సంచి విప్పి చూపిస్తోంది:
ఒక కొవ్వొత్తి, ఒక బ్లేడు,
రెండు చితెంజె గుడ్డలు, చిరిగిన మూడోది.
కింద పరుచుకునే నల్ల ప్లాస్టిక్ పట్టా మాత్రం లేదు.
"పట్టా లేకుండా వెళితే
ఏం చూసుకుని వచ్చావని నర్సు అందరిముందూ అడుగుతుంది.
చావు తర్వాతి సంగతి డాక్టరమ్మా,
సిగ్గు గుమ్మంలోనే ఎదురొస్తుంది."

దారంతా ఆమె మాట్లాడలేదు.
లివోండే వంతెన మీద బండి ఆపమంది.
కింద నది, నీళ్ళలో నీటిగుర్రం వీపు.
"పట్టా ఎంతుంటుంది?"
చెప్పాను. రెండు సబ్బుబిళ్ళల ఖరీదు.
ఇంకోసారి చెప్పమంది.

రెండో వ్యాసానికి మూడేళ్ళు పట్టింది.
"నేనింతకుముందు తప్పు రాశాను" అన్నది మొదటి వాక్యం.
పత్రికవాళ్ళు తీసెయ్యమన్నారు. తియ్యనంది.
పదకొండు మంది.
అందులో ముగ్గురు ఆమె దగ్గర చదువుకున్నవాళ్ళే.

పోయిన జూన్‌లో ఏదో బిల్లు పని మీద ఆ ఆసుపత్రికి వెళ్ళాను.
కాన్పుల గది బయట ఆకుపచ్చ బీరువా.
తాళం లేదు.
లోపల మడతపెట్టిన నల్ల పట్టాలు.
ఎవరు పెట్టించారంటే కొత్త నర్సుకి తెలీదు.
"ఎప్పుడూ ఉండేవేగా" అంది.
లెక్కపెట్టాను, పాత అలవాటు.
నలభై ఆరు.
ఇంతలో ఒకామె నడుం పట్టుకుని వచ్చింది,
ఎవర్నీ ఏమీ అడక్కుండా
పైది తీసుకుని లోపలికి పోయింది.

వాన తగ్గలేదు.
మూడు వందల పన్నెండు అని రాశాను, నియమం.
పదకొండు అని రాశాను.
గడిలో ఇంకా కాస్త జాగా మిగిలింది.
పెన్సిలు తీసి,
పైవాళ్ళు కావాలంటే చెరుపుకునేట్టు
సన్నగా రాశాను:
నలభై అయిదు.