మూడడుగుల దగ్గర నీళ్ళు

మా లంకలో మూడడుగులు తవ్వితే నీళ్ళండి.
ఆరడుగులన్నది మెరక ఊళ్ళ లెక్క.
వశిష్ట గట్టు కింద, రొయ్యల చెరువుకీ సిమెంటు రోడ్డుకీ మధ్య
మిగిలిన ఆరు సెంట్లే మా సమాధుల దొడ్డి.

ప్రిస్కిల్లమ్మగారికి గుంట తవ్వుతున్నాను.
ఆవిడింకా ఇంటి దగ్గరే ఉన్నారు,
పాలకొల్లు నుంచి తెచ్చిన ఐసు పెట్టెలో.
కరెంటు పోతే జనరేటరు. ఆయిలు ఖర్చు అల్లుడిది.

గట్టు మీద తమ్ముళ్ళిద్దరూ నిలబడ్డారు.
పెద్దాయన ఆసాపుగారు, ఆదివారం సంఘం.
చిన్నాయన తీతుగారు, శనివారం సంఘం.
బాప్తిస్మం ఒకే కాలవలో, ఒకే పొద్దున పుచ్చుకున్నారు.
వేరుపడింది ఒడ్డెక్కాకే.

"అక్క ఈపాటికి ప్రభువు దగ్గరుంది" అంటారు ఆసాపుగారు.
"నిద్రలో ఉంది. కడబూర మోగేదాకా అంతే.
అక్కకిప్పుడు నువ్వూ తెలీవు, నేనూ తెలీను."
"మరి సిలువ మీద దొంగ మాటేంటి? నేడు అన్నాడు కదా. నేడే!"
"నేడు నీతో చెప్తున్నాను అన్నాడు.
నాతో ఉంటావన్నది ఎప్పటికో.
ఆ నేడుని ఎక్కడ తగిలించాలో చూసుకో అన్నయ్యా."

ఒక్క మాట. ఆ కొస ఒకరు, ఈ కొస ఒకరు పట్టుకుని
తడిగుడ్డ పిండినట్టు పిండుతున్నారు.
నేను కింద బక్కెట్టుతో తోడుతున్నాను.
తోడినకొద్దీ ఊరుతోంది.

నాకు నవ్వొచ్చింది. తప్పే.
నరసాపురం లేసుల ఏజెంటు
"ఇవాళ డబ్బులిస్తానని చెప్పాను కదమ్మా" అంటూ
ఆరు నెలలు తిప్పాడు ఆ తల్లిని.
ఇవాళ ఇస్తాడా, ఇస్తానని ఇవాళ చెప్పాడా,
ఆ తేడా మీద బియ్యం కొనుక్కున్న మనిషి.
ఆవిణ్ణడిగుంటే మధ్యాన్నానికల్లా తేల్చేసేవారు.

"ఏరా ఓబేదూ, ఇంతమందిని పెట్టావు, నువ్వేమంటావు?"
"నీళ్ళు తగ్గట్లేదండి" అన్నాను.

చెప్పనిదొకటుంది.
తుఫాను ఏడాది మా పిల్లని ఆ ఈశాన్యం మూల పెట్టాను.
నాలుగేళ్ళది. అప్పుడు రెండడుగులకే నీరు.
పెట్టె దొరకలేదు.
అరటి డొప్పలు పరిచి, పైన వాళ్ళమ్మ చీర కప్పాను,
తడి తగలకూడదని.
ఆసాపుగారిదే నిజమైతే
ఆ డొప్పలు ఎవరికి పరిచినట్టు?
తీతుగారిదే నిజమైతే
ఇన్నేళ్ళుగా నీళ్ళలో పడుకునుంది.
దానికేం తెలీదంటారు. తెలీకపోతే మంచిదే.
కానీ పక్క తడిస్తే
లేచి ఏడ్చే పిల్లండి అది.

ఎండాకాలం, నేల బీటలిచ్చినప్పుడు
నిద్రే అనుకుంటాను, హాయిగా.
గోదారి ఎర్రబడి గట్టు తాకే రోజుల్లో మాత్రం
పైనే ఉంది, పైనే ఉంది అంటాను,
ఆసాపుగారి కంటే గట్టిగా.

మూడింటికి తెచ్చారు.
ప్రార్థన ఎవరు చెయ్యాలని కాసేపు గొడవ.
మూత వేసేముందు కూతురు జెరూష
సగం అల్లిన లేసూ, కొక్కెం సూదీ
ఆవిడ వేళ్ళ మధ్య పెట్టింది.
చూసింది. మళ్ళీ తీసేసుకుంది.
"బుధవారానికి సరుకివ్వాలి" అంది, ఎవరితోనో.

తాళ్ళు వదిలారు. పెట్టె కిందికి దిగి
నీళ్ళని తాకి, జానెడు పైకి తేలింది.
జనం అంతా ఒక్కసారి "అయ్యో" అన్నారు.
నేను దూకాను, మోకాలి లోతు,
రెండు చేతులా అదిమి పట్టుకుని, మట్టి వెయ్యండన్నాను.
ఆసాపుగారు చెప్పులు విప్పి, పంచె ఎగ్గట్టి
నా పక్కన దిగారు. పెట్టె మీద చెయ్యేసి,
"నెమ్మదిగా ఒత్తరా" అన్నారు, గొంతు తగ్గించి,
"అక్కకి తగుల్తుంది."

తీతుగారు విన్నారు. ఏమీ అనలేదు.

అరటి డొప్పలు పొద్దున్నే కోసుంచాను, కంచె పక్కన.
గుంట ఎవరిదైనా కోస్తాను.
ఏ సంఘమో అడగను.
మట్టి సగం పడ్డాక, ఎవరూ చూడకుండా
తలవైపు రెండు, కాళ్ళవైపు రెండు
దోపాను.