పైపు పట్టేంత కంత

నా పేరు నేను రాయలా.
హాస్టల్ వెనక మడికి నీళ్ళు పట్టేవాళ్ళ జాబితాలో
మస్తాన్‌బీ రాసింది, ఎనిమిదో పేరుగా.
ఎనిమిది మందైతే గానీ
ప్రిన్సిపాల్ గునపాలు ఇవ్వనన్నాడంట.

మట్టిని వదిలించుకోడానికే
కలిగిరి నించి కావలికి వచ్చినదాన్ని.
ఆకు రెలిచే రోజుల్లో
అమ్మ అన్నం కలిపి పెడితే
ముద్ద ముద్దకీ చేదు.
కిరసనాయిలు, నిమ్మచెక్క, సున్నిపిండి,
ఆ జిగురు దేనికీ పోదు.
ఇంటర్ మార్కుల కాగితం మీద కూడా
నా వేలిముద్ర గోధుమరంగులో పడింది.
ఈ చేతులకి ఇక పెన్ను తప్ప
ఇంకేదీ వద్దని
ఆ రోజే అనుకున్నా.

మొదటి నెలంతా గట్టు మీద కూచుని
అకౌంట్స్ లెక్కలు చేసుకున్నా.
మెస్సులో కంచాలు కడిగిన నీళ్ళకి
వాళ్ళు కాలవ తీశారు.
సాంబారు మెతుకులతో సహా మడికి చేరాయి.
బాటనీ పిల్లలు. కళ్ళు మూసుకుని వేరు బొమ్మ వేస్తారు,
వంగనారుని మాత్రం కుత్తుక దాకా పూడుస్తారు.
చూడలేకపోయా.
"అట్టా కాదు మే" అన్నా.
అంతే, ఆ మాటతో ఇరుక్కుపోయా.

వేళ్ళు ఏమీ మర్చిపోలా.
పొగనారైనా వంగనారైనా
మెడ పట్టుకోకూడదు, ఆకు పట్టుకోవాలి.
అయ్య నేర్పింది కాదు.
తిట్టాడు. అట్టా వచ్చింది నాకు.

కార్తీకంలో వాయుగుండం.
తుమ్మలపెంట సముద్రం లేచి
నడిచొచ్చినట్టు మూడు రోజులు వాన.
టమాటా మొత్తం పడుకుంది.
మస్తాన్‌బీ ఏడ్చింది.
"ఏడవబాకమ్మా, తోటకూర చల్లు,
దానికి సిగ్గు లేదు, ఎట్టయినా వస్తది"
అన్నాడు వాచ్‌మన్ మాలకొండయ్య.
వచ్చింది.

తర్వాత పరీక్షలు. తర్వాత సెలవులు.
మెస్సు మూస్తే నీళ్ళెక్కడివి?
ఊరి పేరేమో కావలి,
మడికి కావలి ఎవరు?
మీటింగు పెట్టుకున్నాం.
ఎనిమిది మంది, రెండు బిస్కెట్ పొట్లాలు.
తీర్మానం లేదు.

గోడకి అవతల, రైలు కట్ట దాకా, గుడిసెలు.
ఇటికె మీద ఇటికె పేర్చి ఎక్కి
తల ఒక్కటే కనపడేట్టు
చెంగమ్మ ఏడాదంతా మమ్మల్ని చూసిందంట.
మేము ఆమెని చూసింది ఆ రోజే.
"ఏంది మే, బెండ ముదరబెడతన్నారు? కోసుకోరా?"
ఇంకో సంగతీ ఆమే చెప్పింది.
వాళ్ళ వైపు కుళాయి ఒకటి
రాత్రంతా కారతానే ఉంటదని.

ఆ రాత్రి మాలకొండయ్య
చుట్ట కాల్చుకోడానికి గేటు కాడికి పొయ్యాడు.
(అందులో ఆకు ఎవరి చేనిదో.)
గునపం చప్పుడు ఆయనకి వినపళ్ళేదంట.
నాలుగు పోట్లు.
నావి రెండు.

జూన్‌లో వచ్చి చూస్తే
దోసతీగ కంతలోంచి అటు పోయి
గుడిసె చూరెక్కింది.
వంగకి పుల్లలు కట్టి ఉన్నాయి.
పందికొక్కు బొక్కలు పూడ్చి ఉన్నాయి.
మేము వెయ్యని గోంగూర ఒక మూల.
చెంగమ్మ మనవడు పెంచలయ్య
వేళ్ళు మడిచి లెక్క అప్పజెప్పాడు:
కాసినవి ఇన్ని, వండుకున్నవి ఇన్ని,
పక్కింటి బాలింతకి ఇన్ని,
మేక తిన్నది తెలవదు.
నేను బీకాం.
మేక తిన్నది ఏ పద్దులో రాయాలో
నాకూ తెలవదు.

గోడ పూడ్పిస్తానన్నాడు ప్రిన్సిపాల్.
సోమవారం మేస్త్రీ వస్తాడన్నాడు.
మూడు సోమవారాలు పొయ్యాక వచ్చాడు మేస్త్రీ.
కంత చూశాడు. తీగ చూశాడు.
"కాపు అయిపోనీండి, అప్పుడొస్తా" అని
రెండు దోసకాయలు సంచిలో వేసుకుని పొయ్యాడు.

ఈ పూట వంతు నాది.
తోటకూర కోసి మెస్సులో ఇచ్చి
చేతులు సరిగా కడక్కుండానే
కంచం ముందు కూచున్నా.
ముద్ద నోట్లో పెట్టుకుని
కాసేపు ఆగా.

ఉప్పు తక్కువైంది.
అంతే.