చూసొస్తామండి

మీసాలున్న ఒంటి మీద
రోజుకు నలభై పమిటలు వేసుకుంటాను.
పంతొమ్మిదేళ్ళుగా, రాజోలు సెంటర్లో,
గ్రంధి వారి కొట్లో,
తెల్ల పరుపు మీద మోకాళ్ళేసుకుని.
"నా మీద చూడండమ్మా" అంటాను.
చూస్తారు.
అంచు చూస్తారు, చీటీ మీద ధర చూస్తారు.
నన్నెవరూ చూడరు, అదీ జీతంలో భాగమే.

మలికిపురం నుంచి పెళ్ళివారు వస్తారు, పదకొండు మంది.
ఆడపడుచుకు నచ్చింది తోడికోడలికి నచ్చదు.
తోడికోడలు చేయి వేసిందని తెలియగానే
ఆడపడుచుకు అదే కావాలి.
ఇదే అంచులో వేరే రంగు,
ఇదే రంగులో వేరే అంచు,
ఇదే చీర, కాస్త తక్కువలో.
పిల్లాడు పరుపు మీద కూల్‌డ్రింకు ఒలకబోస్తాడు.
అరవై ఏడో చీర విప్పాక
లేచి చెప్పులు వెతుక్కుంటూ
"అమలాపురం కూడా ఓసారి చూసొస్తామండి."

ఆయ్, అలాగేనండి.

విప్పడం ఎవరైనా విప్పుతారు.
పాత మడత ఎక్కడుందో చీరకే గుర్తుంటుంది,
వేళ్ళు దాన్నడిగి తెలుసుకోవాలి.
నడుము పట్టేస్తుంది.
అప్పుడే సెట్టిగారబ్బాయి
కంప్యూటరు ఇటు తిప్పి చూపిస్తాడు:
నా పేరు పక్కన ఎర్ర గీత.
"మాట ఎక్కువ బాబాయ్ మీకు, బిల్లు తక్కువ."
నిన్నగాక మొన్నొచ్చిన పైడిరాజు ఫస్టు.
వాడు మాట్లాడడు. ఫోను చూసుకుంటూ విసురుతాడు చీరలు,
జనం కొనేస్తారు.

అప్పనపల్లి కాజ్‌వే మునిగి
బేరాల్లేని ఓ మధ్యాహ్నం
దీవెన వచ్చింది, తడిసిన గొడుగుతో,
చేతిలో వెలుగుతున్న ఫోనుతో.
అందులో వాళ్ళ వదిన సువార్త,
కువైట్లో ఎవరిదో వంటింట్లోంచి, గుసగుసగా:
"మేడమ్ లేచేలోగా పది నిమిషాలండి.
ఇందులో రంగులన్నీ బూడిదలా వస్తున్నాయి,
మీరే చెప్పండి. అదేం పచ్చ?"

రామా గ్రీను, బాటిల్ గ్రీను, చిలకపచ్చ,
నోటికి అలవాటైనవన్నీ చెప్పాను.
"అవి పేర్లండి. రంగు చెప్పండి."

పంతొమ్మిదేళ్ళలో
ఇలా అడిగినవాళ్ళు లేరు.
చీర ఒళ్ళో పెట్టుకుని కాసేపు చూశాను.
"ఊడ్చిన ఇరవయ్యో రోజు చేనమ్మా.
వేరు పట్టుకుంది, పసుపుదనం పోయింది,
ఇంకా ముదరలేదు."

అటు చప్పుడు లేదు.
సిగ్నల్ పోయిందనుకున్నాను.
"ఊఁ. అంచు?"
"కొత్తనీరు. ఇప్పుడు కాలవలో తిరుగుతోంది చూడు,
మబ్బు చీలి దాని మీద ఎండ పడితే, ఆ ఎరుపు."
"జరీ?"
"చందువా పొట్ట మెరుపంత. అంతే."
"ఓసారి మీ మీద వేసుకోండి."

వేసుకున్నాను.
"మీసం నెరిసిందండీ మీకు" అంది.
"రంగులు రావట్లేదన్నావుగా!"
"తెలుపు తెలుస్తోందండి."

ఎవరికమ్మా అని అడిగితే
"నాకేనండి. ఇన్నాళ్ళూ అందరికీ పంపాను.
ఇది బీరువాలో పెట్టమనండి,
ఎవర్నీ కట్టుకోనివ్వొద్దని కూడా చెప్పండి."
దీవెన నవ్వింది, కాస్త ఆలస్యంగా.

పన్నెండొందల అరవై.
ఆవిడ ఒక్క రూపాయి బేరమాడలేదు.
నేనే అరవై తగ్గించాను,
సెట్టిగారబ్బాయి కళ్ళద్దాల పైనుంచి చూశాడు.
ఆ నెలా పైడిరాజే ఫస్టు.

రాత్రి సైకిలు మీద ఇంటికెళ్తూ
కాలవగట్టు మీద ఆగాను,
నేను చెప్పిన పచ్చ సరైనదేనా అని.
టార్చి వేస్తే నీళ్ళే.
చేలన్నీ అడుగున ఉన్నాయి.

చాలాసేపు నిలబడ్డాను.
భుజం మీద చెయ్యి వేసుకుంటే
చీర లేదు గానీ
బరువు ఇంకా ఉన్నట్టే ఉంది.
పొద్దున తొమ్మిదికి షట్టరు లేస్తుంది.
బోణీకి ఎవరొస్తారో,
ఏం అడుగుతారో.